తలకిందుల చిలకల చీర

ఆదివారం పొద్దున సూరత్ గోడాదరాలోని ఆ రెండు గదుల ఇంట్లో అందరికంటే ముందు అంబవ్వ లేచింది. స్నానం చేసి, తల దువ్వుకుని, గడప పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో తయారై కూర్చుంది. మిగిలినవాళ్లు లేచేసరికి ఆమె ప్రయాణానికి సిద్ధంగా ఉంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. రోజూ ఆమె ఉండేది ఆ కుర్చీలోనే కాబట్టి, గమనించడానికి అందులో ఏమీ లేదు.

ఆ రోజు పాత సూరత్ చూడటానికి వెళ్లాలని మనుమరాలు రుచిత నిర్ణయించింది. కరోనా మొదలైనప్పటి నుంచి ఆ పిల్ల కాలేజీ అంతా ఫోన్‌లోనే నడిచింది. ఇప్పుడు రెండో విడత కూడా తగ్గింది, దీపావళి వెళ్లిపోయింది, మ్యూజియంలు తెరిచారు. "పప్పా, ఇంట్ల కూసొని కూసొని బోర్ అయితుంది. పాత బస్తీకి పోదాం, మ్యూజియం చూద్దాం, లోచో తిందాం, బస్," అంది. ఆమె తండ్రి నరహరి పవర్‌లూమ్ కార్ఖానాలో మాస్టర్. వారమంతా మగ్గాల చప్పుడులో ఉండి, ఇంటికొచ్చాక ఎవరి మాటా వినాలనిపించని మనిషి. కూతురి మాట ఒక్కటే వింటాడు.

"అమ్మను గూడ తోల్కపోవుడా?" అని భార్యను అడిగాడు, అంబవ్వ అక్కడే ఉండగా.

"ఒక్కదాన్ని ఎట్ల ఇడిచిపెడ్తం? రానీ. ఏడనో ఓకాడ కూసుంటది," అంది సంధ్యారాణి.

అంబవ్వ వెళ్తున్నది కూర్చోవడానికి కాదు. ఆమె దగ్గర ఒక ముచ్చట ఉంది. మ్యూజియం అంటే ఒకప్పుడు ఎవరో వ్యాపారి కట్టుకున్న పెద్ద హవేలీ. రుచిత ఫోన్‌లో దాని ఫొటో చూపించినప్పుడే ఆ రాతి మెట్లను అంబవ్వ గుర్తుపట్టింది. పెళ్లయిన కొత్తలో, సిరిసిల్ల నుంచి వచ్చి సూరత్‌లో దిగిన మొదటి రోజు, భర్త దశరథం ఆమెను బట్టల మూటతో సహా ఆ మెట్ల మీదే కూర్చోబెట్టాడు. "ఈడనే కూసో, కిరాయికి అర్ర చూసొస్త," అని వెళ్లాడు. ఆ తర్వాత ఏం జరిగిందో తలుచుకున్నప్పుడల్లా ఆ ఇద్దరూ నవ్వుకునేవారు. ఇప్పుడు తోడు నవ్వడానికి దశరథం లేడు. ఆ ఏడాది ఏప్రిల్‌లో అతన్ని అంబులెన్స్ ఎక్కించి తీసుకుపోయారు. దవాఖానకు ఎవరూ రావద్దన్నారు, ఆమెను గడప దగ్గరే కూర్చోమన్నారు. ప్లాస్టిక్ కుర్చీ అప్పుడు వేసిందే.

ఆ తర్వాత ఇంట్లో ఆమెతో మాట్లాడే మాటలు మూడే మిగిలాయి. తిన్నవా, గోలి ఏసుకున్నవా, కూసో. అందులో ప్రేమ లేదని కాదు. వాటికి జవాబు చెప్పాక ఇంకేం చెప్పడానికీ చోటు ఉండదు, అంతే. ఈ ముచ్చట ఇవాళ ఎవరి చెవినైనా వేయాలని ఆమె వారం నుంచి అనుకుంటోంది.

"రుచితా, గా ఫొటోల మెట్లు లేవా, గా మెట్ల మీద మీ తాత—"

"నానమ్మా, నీ మాస్క్ ఏడున్నది? ఛలో, జల్ది."

ఇంతలో సంధ్యారాణి ఒక ఆలోచన చేసింది. పాత బస్తీ అంటే ఇరుకు సందులు, ఆదివారం జనం, అందరి ముఖాలకూ మాస్కులు. ఎవరైనా తప్పిపోతే ఎలా పట్టుకోవడం? "అత్తమ్మా, నువ్వూ నేనూ సేఠ్ ఇచ్చిన చీరలు కట్టుకుందాం. నువ్వు నా చీర చూస్కుంట రా. నేను నీ చీర చూస్కుంట ఉంట. తప్పిపోయే ముచ్చటే లేదు," అంది.

ఆ చీర సంగతి కొంచెం చెప్పాలి. లాక్‌డౌన్‌కు ముందు నరహరి పనిచేసే సేఠ్‌కు పెద్ద ఆర్డర్ వచ్చింది. ఆకుపచ్చ నేల మీద పసుపు చిలకలు. అచ్చు వేసేటప్పుడు ఎవరో డిజైన్ తిప్పి పెట్టారు. చీర కట్టుకుంటే చిలకలన్నీ గబ్బిలాల్లాగా తలకిందులుగా వేలాడాయి. ఏం చేయాలో ఆలోచించేలోగా ఊరు మూతపడింది, ఆర్డర్ పోయింది, లాట్ మొత్తం గోదాములో పడి ఉంది. దీపావళికి సేఠ్ ఆ చీరలనే పనివాళ్ల ఇళ్లకు ఆడమనిషికొకటి చొప్పున పంచాడు. మిగిలిన గుడ్డతో మాస్కులు కూడా కుట్టించి ఇచ్చాడు. సంధ్యారాణి ఆలోచనలో లోపం లేదు. సేఠ్‌కు ఊరంతా ఎన్ని కార్ఖానాలు ఉన్నాయన్నది మాత్రం ఆమె ఆలోచించలేదు.

బస్సులో అంబవ్వ కొడుకు పక్కన కూర్చుంది. "నర్రీ, మేము సూరత్‌కు వచ్చిన మొదటి దినం మీ నాయిన—"

"అమ్మా, బస్సుల మాట్లాడొద్దే. కరోనా," అన్నాడు నరహరి. అని, ఫోన్ మోగితే తీసి, దిగేదాకా మగ్గాలకు ఎక్కించే దారపు బీముల గురించి మాట్లాడాడు.

మ్యూజియం గేటు దగ్గర గార్డు అందరి మణికట్ల మీదా జ్వరం చూసే యంత్రం పెట్టి, చేతుల్లో శానిటైజర్ పోశాడు. నేల మీద ఎడం ఎడంగా తెల్ల సున్నాలు గీసి ఉన్నాయి. లోపల చెక్క నిచ్చెనలాంటి నిటారు మెట్లు చూసి నరహరి తల అడ్డంగా ఊపాడు. బయటి రాతి మెట్ల వైపు చూపించాడు. "అమ్మా, నీ మోకాళ్లతోని గయి ఎక్కలేవు. ఈడనే కూసో, చూసొస్తం."

అదే చోటు, దాదాపు అవే మాటలు. "నర్రీ, మీ నాయిన గూడ గిట్లనే గీడనే—"

"వచ్చినంక చెప్పు," అని ముగ్గురూ లోపలికి వెళ్లిపోయారు.

ఆమె కూర్చుంది. మాస్కులోంచి వచ్చే ఊపిరికి కళ్లద్దాలు మంచు పట్టినట్టు మసకబారాయి. తుడుచుకుంటే మళ్లీ మసకే. లోకమంతా ఆవిరిలో ఉన్నట్టుంది. ఆ ఆవిరిలో కాసేపటికి తలకిందుల చిలకలు మెట్లు దిగి వెళ్తూ కనిపించాయి. నా చీర చూస్కుంట రా అని కోడలు చెప్పే ఉంది. అంబవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి, చిలకల వెంట నడిచింది.

"వస్తున్నవా అత్తమ్మా?" అంది ముందు నడుస్తున్న చీర, వెనక్కి తిరగకుండానే. "జర నిమ్మలంగ రా, తొందరేం లేదు. మోకాళ్లు నొస్తున్నయా? గీ సందుల పాత ఇండ్లు చూడు, గా కట్టె మీద చెక్కిన పువ్వులు చూడు. ఎండ కొడ్తుందా? ఇందాక ఏందో అనవడితివి, చెప్పు."

అంబవ్వ సందు మధ్యలో ఆగిపోయింది. కోడలు చెప్పు అంది. గొంతు కూడా వేరేగా, తేలిగ్గా ఉంది. మాస్కు వల్ల అలా వినిపిస్తోందేమో అనుకుంది. రెండేళ్లు ఇంట్లో ఉండి బయటికి వస్తే మనుషులు మారతారేమో అని కూడా అనుకుంది. చెప్పమన్నప్పుడు చెప్పడమే మంచిదని మొదలుపెట్టింది.

"మేము కొత్తగ వచ్చినప్పుడు మీ మామ నన్ను గా మెట్ల మీదనే కూసోవెట్టి పోయిండు పిల్లా. మూట ఒళ్లె పెట్టుకొని కూసున్న."

"అయ్యో, ఒక్కదానివేనా? భయం గాలేదా?"

"భయం గాక? భాష రాదు, బాట తెల్వదు. పగటి పూటయింది, రాలే. పొద్దు వాలింది, రాలే."

"ఆకలిగాలేదా? ఎవలన్న ఏమన్న పెట్టిన్రా? గీ ముచ్చట నాకెన్నడు చెప్పలేదు అత్తమ్మా. ఆగు, చెరుకురసం తాగుకుంట విందాం. అందాక ఒక్క మాట గూడ చెప్పకు."

చెరుకురసం బండి దగ్గర రెండు గ్లాసులు తీసుకుని, ఒకటి అంబవ్వ చేతికిచ్చి, కోడలు తన మాస్కు గడ్డం కిందికి లాక్కుంది. పన్ను మీద పన్నున్న గుండ్రటి ముఖం బయటపడింది. అంబవ్వ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. ముఖం మారలేదు. ఇన్ని మాటలు అడిగినప్పుడే అనుమానం రావాల్సింది అనుకుని, తన మాస్కు కూడా తీసింది.

గుండ్రటి ముఖం చేతిలోని గ్లాసు కింద పడింది. "ఏమయ్యో," అని ముందు నడుస్తున్న భర్తను కేకేసింది. "మా అత్త గాదు."

ఆమె పేరు పద్మారాణి. భర్త మార్కండేయ, ఊరి శివారులోని ఉన్ దగ్గర అదే సేఠ్‌కున్న ఇంకో కార్ఖానాలో పనిచేస్తాడు. అతని తల్లి స్వరాజ్యం. ముగ్గురూ మ్యూజియం చూసి బయటికొస్తూ ఉంటే, వెనకాల నడుస్తున్న స్వరాజ్యం కాళ్లు నొప్పి పుట్టి ఎక్కడో ఆగింది. ఆమె అనుకుని అంబవ్వను ఇంత దూరం తెచ్చారు. మార్కండేయ వెంటనే వెతకడం మొదలుపెట్టాడు. తల్లి కనిపించక ఎంతోసేపు కాలేదు, అప్పుడే సందులో నాలుగు దుకాణాల వాళ్లను అడిగేశాడు. అంబవ్వ అతని వైపు చూస్తూ నిలబడింది. అతను వెతుకుతున్న తీరు ఆమెకు నచ్చింది.

ముగ్గురూ మెట్ల దగ్గరికి తిరిగొచ్చారు. అక్కడ ఎవరూ లేరు. మార్కండేయకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. "పెద్దమ్మా, మీవోళ్లు మా అమ్మను చూసి నువ్వే అనుకొని తోల్కపోయినట్టున్నరు. నీ కొడుకు నంబర్ యాదికున్నదా?"

యాదికి ఉంది. అతను ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"అన్నా, మీ అమ్మ మా దగ్గర ఉన్నది," అన్నాడు మార్కండేయ.

"ఎవర్రా నువ్వు? మా అమ్మ నా పక్కకే కూసొని లోచో తింటున్నది," అని నరహరి పెట్టేశాడు.

మార్కండేయ మళ్లీ చేశాడు. "అన్నా, పెట్టెయ్యకు. మీ అమ్మ కావాల్నంటే మ్యూజియం గేటుకాడికి రా."

"ఓహో. వచ్చేటప్పుడు పైసలు తేవాల్నా, ఓటీపీ చెప్తే సరిపోతదా?" అన్నాడు నరహరి. మూడోసారి చేస్తే ఫోన్ కలవలేదు. నరహరి ఆ నంబర్‌ను బ్లాక్ చేశాడు.

మార్కండేయ స్పీకర్ ఆపాడు గానీ, ఆపాల్సిన సమయం దాటిపోయింది. "సిగ్నల్ సక్కగ లేదు పెద్దమ్మా," అన్నాడు.

"లోచో తింటున్నదట," అంది అంబవ్వ. ఆవిరి మీద ఉడికించిన ఆ శనగపిండి పలహారం తింటే ఆమెకు గుండెల్లో మంట. పదేళ్ల నుంచి ముట్టుకోలేదు. ఆమె అనుకున్న మనిషి పక్కన కూర్చుని, మాస్కు దించి తింటుంటే ఇంట్లో ముగ్గురిలో ఒక్కరూ ముఖం చూడలేదు, ఒక్కరికీ వింతగా తోచలేదు. పద్మారాణి ఏమీ అనకుండా ఆమె చేయి పట్టుకుంది. పద్మారాణి ఏమీ అనకుండా ఉండటం ఆమె పెళ్లయ్యాక అదే మొదటిసారని మార్కండేయ తర్వాత చెప్పాడు.

లోచో దుకాణాలు ఆ చుట్టుపక్కల లెక్కలేనన్ని. వెతకడం అయ్యే పని కాదని మార్కండేయ గార్డును బతిమాలాడు. జనాన్ని దూరంగా నిలబడమని చెప్పే చేతి మైకు గార్డు దగ్గర ఉంది. అతను గొంతు సవరించుకుని హిందీలో మొదలుపెట్టాడు. "ఒక పెద్దావిడ తప్పిపోయింది. పేరు స్వరాజ్యం. ఆకుపచ్చ చీర, పసుపు చిలకలు, తలలు కిందికి. మాస్కు మీద కూడా చిలకే. కనిపిస్తే గేటు దగ్గరికి తీసుకురండి."

సూరత్ జనం సాయం చేయడంలో వెనకాడరు. ముందు ఒక టీ బండివాడు ఒక ఒడియా ముసలామెను చేయి పట్టుకుని తెచ్చాడు. ఆమె తిడుతోంది, ఏమని తిడుతోందో ఎవరికీ తెలియలేదు. తర్వాత ఇద్దరు కుర్రాళ్లు మహారాష్ట్రలోని ఖాందేశ్ నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకామెను ఆటోలోంచి దింపి తెచ్చారు. చేపలు కొనుక్కుని వెళ్తున్న ఇంకొకామెను చేపలతో సహా తెచ్చారు. కొత్తగా పెళ్లయిన ఒక పిల్లను కూడా పట్టుకొచ్చారు. ఆమె పెద్దావిడ కాదు కదా అంటే, మాస్కు వల్ల తెలియలేదన్నారు. అందరి ఒంటి మీదా అవే చిలకలు. గార్డు కరోనా నియమం మరవకుండా ఒక్కొక్కరిని ఒక్కో తెల్ల సున్నాలో నిలబెట్టాడు. అంబవ్వను చివరి సున్నాలో నిలబెట్టి, మాస్కు పైకి లాక్కోమన్నాడు.

మైకు మళ్లీ మళ్లీ స్వరాజ్యం పేరే పిలిచింది. అంబవ్వ ప్రతిసారీ చెవి ఒగ్గి విన్నది. ఆమె కూడా తప్పిపోయిన మనిషే. కానీ తప్పిపోయిందని ఎవరైనా చెబితేనే కదా మైకులో పిలిచేది. ఆమె తరఫున అలా చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

అంతలో సందు చివర నరహరి కనిపించాడు. ఒక చేత్తో చిలకల చీర కట్టిన ముసలామెను గట్టిగా పట్టుకుని, ఒక లేడీ కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని వస్తున్నాడు. వెనక సంధ్యారాణి, రుచిత. తల్లిని ఎత్తుకుపోతామని ఎవరో ఫోన్‌లో బెదిరిస్తున్నారని చౌక్‌లో కనిపించిన కానిస్టేబుల్‌తో చెప్పి, దొంగను పట్టించడానికి తెచ్చాడు.

"అగో మా అమ్మ," అని మార్కండేయ పరుగెత్తి ముసలామె రెండో చేయి పట్టుకున్నాడు.

"గీడే మేడమ్, ఫోన్ చేసినోడు," అన్నాడు నరహరి. "మా అమ్మ చెయ్యి ఇడువు."

"అన్నా, జర ముఖం చూడు. మీ అమ్మ గాదు, మా అమ్మ."

"నన్ను కన్నతల్లిని నేను గుర్తుపట్టనా? నాకు చెప్తున్నవా నువ్వు?"

ఒకరు ఇటు, ఒకరు అటు లాగుతున్నారు. మధ్యలో ముసలామె ఎటు ఎక్కువ లాగితే అటు ఒరుగుతోంది. కానిస్టేబుల్ లాఠీ చంకలో పెట్టుకుని, ఎవరిని ఆపాలో తేల్చుకోలేక చూస్తోంది. చివరి సున్నాలోంచి అంబవ్వ మెల్లగా పిలిచింది. "నర్రీ."

"నువ్వు జర ఆగు పెద్దమ్మా," అన్నాడు నరహరి అటు చూడకుండానే. "మా అమ్మ సంగతి తేలనీ."

ఆ గొంతు నరహరి చెవికి ఆలస్యంగా చేరింది. అతను తల తిప్పేసరికి అంబవ్వ మాస్కు తీసి, కళ్లద్దాలు తీసి, మంచిగా కనిపించేలా నిలబడి ఉంది.

"పప్పా," అంది రుచిత నీరసంగా, "నానమ్మ అగో."

నరహరి తన చేతిలో ఉన్న చేతిని చూశాడు. దాని వెంట పైకి చూశాడు. స్వరాజ్యం తీరిగ్గా మాస్కు దించి, మూతికంటిన లోచో మీది కారప్పూస తుడుచుకుంది.

"మరి నువ్వెందుకు చెప్పలేదే పెద్దమ్మా?" అన్నాడు.

"ఎవలన్న అడిగితే గదా బిడ్డా. మెట్ల మీద జర కూసున్న. లెమ్మన్నవు, లేచిన. కూసో అన్నవు, కూసున్న. తిను అన్నవు, తిన్న," అంది స్వరాజ్యం. అంబవ్వ వైపు తిరిగింది. "మీవోళ్లు ఎంత మంచోళ్లు వదినా. ఇంత సేపట్ల ఒక్క ముచ్చట వెట్టలే. మా కోడలు పొద్దు లేస్తే నోరు మూయదు. ఎన్ని దినాలకు పానం నిమ్మలమైందో. ఇంకో గడియ ఆగి ఎతికితే మీ సొమ్మేం పోయేది?"

అంబవ్వ ఏమంటుందోనని అందరూ చూశారు. ఆమె అనేలోగా పద్మారాణి అందుకుంది. "గయన్ని ఎనుక చూద్దాం. పెద్దమ్మా, ముందుగాల నువ్వు చెప్పు. పొద్దు వాలినంక పెద్దయ్య వచ్చిండా లేదా?"

సున్నాల్లో నిలబడిన వాళ్లు, గార్డు, కానిస్టేబుల్, కొడుకు, కోడలు, మనుమరాలు అందరూ ఉండగా, ఆ మెట్ల ముందే నిలబడి అంబవ్వ ముచ్చట ముగించింది. దశరథం ఆ రోజు సందుల్లో దారి తప్పాడు. హవేలీలన్నీ ఒక్కలాగే ఉన్నాయి, మెట్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి. భాష రాదు. వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో ప్రతి దుకాణంలో ఎర్ర చీర, నల్ల గళ్లు, పసుపు అంచు అని అడుగుతూ వచ్చాడు.

"గా చీర పెండ్లికి ఆయనే నేసిండు. గసొంటిది సూరత్ మొత్తంల ఇంకోటి లేకుండె. చూసినోళ్లందరికి యాదికున్నదట. ఒకలు గీ సందన్నరట, ఒకలు గా సందన్నరట. దీపాలు పెట్టే యాళ్లకు వచ్చి నా ముందట నిలవడ్డడు. ఎట్ల గుర్తుపట్టి వచ్చినవయ్యా అంటే, నేను నేసిన చీర నేను గుర్తుపట్టనా అన్నడు. గప్పుడు అడిగిండు, తిన్నవా అని."

పద్మారాణి కళ్లు తుడుచుకుంది. కానిస్టేబుల్‌కు ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఊపింది. నరహరి తల్లి దగ్గరికి వచ్చాడు.

"గీ ముచ్చట మాకెన్నడు చెప్పలేదేందే అమ్మా?"

"పొద్దటి సంది చెప్తనే ఉన్న బిడ్డా. బస్సుల మాట్లాడొద్దంటివి."

ఆ తర్వాత కొన్నాళ్లు ఇంట్లో మార్పు కనిపించింది. నరహరి కార్ఖానా నుంచి రాగానే కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. "ఇంకేం ముచ్చట్లున్నయే అమ్మా?" అని అడిగేవాడు. ఆమె మొదలుపెట్టేది. మగ్గాల చప్పుడుకు అలిసిపోయిన మనిషి, ముచ్చట సగానికి రాకముందే కునుకు తీసేవాడు. మెల్లగా పీట మళ్లీ మంచం కిందికి వెళ్లింది. మూడు మాటలు మాత్రం నాలుగయ్యాయి. బయటికి తీసుకెళ్లేటప్పుడల్లా, "అమ్మా, ఓసారి మాస్క్ తియ్యి, చూస్త," అనడం కొత్తగా చేరింది.

చలికాలం ముగియకముందే రుచిత మళ్లీ పాత బస్తీకి పోదామంది. తాపీ నది ఒడ్డున ఉన్న కిల్లా చూడలేదట. ఈసారి సంధ్యారాణి జాగ్రత్త పడింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి ఎర్ర చీర తీసి, దులిపి, అత్త ఒళ్లో పెట్టింది. నల్ల గళ్లు, పసుపు అంచు. మడతల దగ్గర కొంచెం చిరిగింది గానీ రంగు పోలేదు.

"ఇది కట్టుకో అత్తమ్మా. ఊరు మొత్తంల ఎవ్వలకు లేదు. ఏడున్నా గుర్తుపడ్తం."

అంబవ్వ ఆ చీరను చేత్తో నిమిరింది. అంచును ముఖానికి ఆనించుకుంది. అప్పుడు అడిగింది. "ఉన్‌ల ఉండే పద్మారాణి వాళ్లు గూడ వస్తున్నరా?"

"వస్తరట. ఆమె నిన్ననే ఫోన్ చేసింది. అర్ధగంట మాట్లాడింది, నా చెవులు పోయినయి."

అంబవ్వ ఎర్ర చీరను జాగ్రత్తగా మడిచి, ట్రంకులో అడుగున పెట్టి, తలకిందుల చిలకల చీర బయటికి తీసింది. దారి తప్పకుండా ఉండాలంటే ఇంతకంటే మంచి చీర లేదని కోడలికి చెప్పింది.